పాల ప్రయాణంలో ప్రతి మజిలీ సభ్యునికి కనిపించాలి

పాలు పోసే సభ్యునికి కళ్ళతో కనిపించేవి రెండే. ఒకటి తన చేతిలోని క్యాను. రెండోది పదిహేను రోజులకొకసారి చేతికందే సొమ్ము. ఈ రెంటికీ నడుమ జరిగేదంతా ఇతరుల చేతుల్లో వున్నది. తూకం వేసేది ఒకరు, వెన్న చూసేది ఒకరు, లారీలో తోలేది ఒకరు, శీతల కేంద్రంలో దించుకునేది ఒకరు, ప్యాకెట్టు చేసి అమ్మేది మరొకరు. తమ పాలకు ఎక్కడ ఏమైనదో సభ్యులకు తెలిపే ఏర్పాటు మన సంఘాల్లో ఏ మేరకు వున్నది, లేనిచోట ఏమి చేయవచ్చును అనే సంగతిని ఈ వ్యాసంలో కొంత వివరంగా చెప్పదలచాను. సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, ముఖ్యంగా పాలక వర్గంలో కొత్తగా చేరిన వారు దీనిని ఓపికగా చదవగోరుతున్నాను.

తాడేపల్లి ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఉండవల్లి, పెనుమాక, కొలనుకొండ, సీతానగరం వంటి వూళ్ళకు ఎదురుగా కృష్ణ దాటితే బెజవాడ. 1957లో ప్రకాశం బ్యారేజీ వాడుకలోకి వచ్చిన తర్వాత ఇవతలి ఒడ్డు పాలకు అవతలి ఒడ్డు హోటళ్ళు, ఇళ్ళు మరీ దగ్గరయ్యాయి. సైకిలుకు అటూ ఇటూ క్యాన్లు కట్టుకుని పోయే పాలవారికి గిద్ద, సోల, తవ్వలే కొలతలు. నురగతో కొలిచారా, నురగ తీసి కొలిచారా అన్నది వారి దయ. బెజవాడలో ఏ ధరకు అమ్మారో ఇవతలి గేదె యజమానికి తెలిసేది కాదు. గేదె కొనడానికి అప్పు ఇచ్చిన వాడే పాలు కొనేవాడైతే అడిగే నోరు కూడ వుండేది కాదు.

ఈ చీకటిని పోగొట్టడానికే పాల సహకార సంఘాలు పుట్టినవి. 1946లో గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో సొంత యూనియన్ పెట్టుకున్నప్పుడు వారి ఫిర్యాదు ధర తక్కువన్నది మాత్రమే కాదు. బొంబాయిలో ఎంతకు అమ్ముడవుతున్నదో తమకు చెప్పరన్నది కూడ. ఆ పద్ధతినే దేశమంతటా విస్తరించడానికి 1965లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి ఏర్పడింది. 1970లో క్షీర ధార పథకం, అంటే ఆపరేషన్ ఫ్లడ్, మొదలైంది. మన రాష్ట్రంలో 1974లో పాడి పరిశ్రమాభివృద్ధి కార్పొరేషన్, 1981లో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. గుంటూరు జిల్లాలో 1977లో వడ్లమూడి వద్ద సంగం డెయిరీ వెలిసింది. ఆ తర్వాత చట్టాలు మారాయి. కొన్ని సంఘాలు 1964 చట్టం కిందనే వున్నవి. కొన్ని 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందికి వెళ్ళాయి. సంగం 2013లో ఉత్పత్తిదారుల కంపెనీగా మారింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు కూడ విడిపోయి, బ్యారేజీకి ఇవతల గుంటూరు, అవతల ఎన్.టి.ఆర్. జిల్లా అయినవి. బోర్డు మీద పేరు ఏదైనా, లెక్క అడిగే హక్కు పాలు పోసినవానిదే.

తూకం బల్ల దగ్గర

మొట్టమొదట తేల్చుకోవలసింది కిలోనా, లీటరా అన్నది. పాలు నీటికన్న బరువు. నూరు లీటర్ల పాలు దాదాపు 103 కిలోలు తూగుతాయి. సభ్యుల దగ్గర లీటర్లలో కొలిచి, యూనియన్‌కు కిలోల్లో పంపే సంఘంలో రోజుకు 200 లీటర్లు వస్తే, అవతల 206 కిలోలు తేలుతుంది. ఆ ఆరు కిలోలు ఎవరూ దొంగిలించినవి కావు, పాల స్వభావమే అది. కాని ఏడాదికి 2,190 కిలోలు. దానిని పుస్తకంలో ఏ పద్దు కింద రాశారు, ఆ సొమ్ము సంఘం మిగులులో కలిసిందా లేదా అన్నది తనిఖీలో నేను మొదట అడిగే ప్రశ్న. చాలాచోట్ల కార్యదర్శి తడుముకుంటాడు. దురుద్దేశం వల్ల కాదు, ఇంతకు ముందు ఎవరూ అడగనందువల్ల.

ఎలక్ట్రానిక్ కాటా వచ్చిన తర్వాత తూకం తగాదాలు తగ్గిన మాట నిజమే. ఐతే కాటా అంకెలు ఎటు తిరిగి వున్నవో చూడండి. కార్యదర్శి వైపు తిరిగి వుంటే అది ఎంత కొత్త యంత్రమైనా సభ్యునికి పాత చీకటే. రెండు వైపులా అంకెలు కనిపించే కాటా దొరుకుతుంది. లేదా బల్లను పక్కకు తిప్పి వేసుకోవచ్చును, దానికి పైసా ఖర్చు లేదు. తూనికలు కొలతల శాఖవారు ఏటా వేసే ముద్ర తేదీని కాటా పక్కనే కాగితం మీద రాసి అంటించాలి.

ఇక వెన్న. గెర్బర్ పరీక్ష పద్ధతి మన టెస్టర్లందరికీ తెలిసిందే: గంధకికామ్లం 10 మిల్లీలీటర్లు, పాలు 10.75 మిల్లీలీటర్లు, అమైల్ ఆల్కహాలు 1 మిల్లీలీటరు. నిమిషానికి 1,100 చుట్ల చొప్పున అయిదు నిమిషాలు తిప్పి, 65 డిగ్రీల వేడి నీటిలో వుంచి రీడింగు తీయాలి. సభ్యులకు తెలియనిది ఒకటున్నది. ఈ పరీక్షలో తొందరపాటు వల్ల జరిగే తప్పులు ఎక్కువగా ఒకే వైపు మొగ్గుతాయి. తిప్పడం తక్కువైతే వెన్న పూర్తిగా పైకి తేలదు, రీడింగు తగ్గుతుంది. వేడినీరు పెట్టకుండా చల్లారిన తర్వాత చూస్తే వెన్న గీత కుంచించుకుపోతుంది, రీడింగు తగ్గుతుంది. పిపెట్టు కొస విరిగి పాలు తక్కువ పడితే, అప్పుడూ తగ్గుతుంది. టెస్టరుకు ఏ దురాశా లేకపోయినా తొందర ఒక్కటే వుంటే చాలు, నష్టం మాత్రం పాలు పోసినవానికి.

ఎంత నష్టం? లెక్క సులువు కోసం కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుందాం. అప్పుడు కిలో పాలలో ఒక శాతం వెన్నకు 8 రూపాయలు. పదోవంతు శాతానికి 80 పైసలు. రోజుకు నాలుగు కిలోలు పోసే సభ్యురాలికి 0.1 తగ్గితే నెలకు 96 రూపాయలు. అరవై మంది పోసే సంఘంలో, రోజుకు 240 కిలోలైతే, నెలకు 5,760 రూపాయలు. చిన్న అంకెలాగా కనిపించే దశాంశం వెనుక ఇంత వున్నది.

అంతకన్న సూక్ష్మమైనది మిగులు తుంపు. రీడింగు 6.57 వస్తే 6.5 అని రాయడం కొన్నిచోట్ల అలవాటు. 6.53 వచ్చినా 6.5, 6.59 వచ్చినా 6.5. ఎప్పుడూ కిందికే దించితే సగటున 0.05 పోతుంది. పై సంఘంలోనే రోజుకు 96 రూపాయలు, ఏడాదికి 35,040 రూపాయలు. ఏ ఒక్కరి జేబులోకీ పోకుండానే ఇంత సొమ్ము చేతులు మారింది. సగం దాటితే పైకి, దాటకపోతే కిందికి అని పాలక వర్గం ఒక్క తీర్మానం చేసి గోడ మీద రాయిస్తే ఈ గొడవ తీరుతుంది.

వెన్న కాని ఘనపదార్థాలు, అంటే మనం రోజూ ఎస్.ఎన్.ఎఫ్. అనేవి, మరీ తికమక. దీనికి లాక్టోమీటరు రీడింగు చూసి సూత్రం ప్రకారం లెక్క కడతారు. సూత్రాలు మాత్రం ఒకటి కాదు. సవరించిన లాక్టోమీటరు రీడింగు 29, వెన్న 6.5 వున్న పాలను తీసుకోండి. రీడింగును నాలుగుతో భాగించి, వెన్నను 0.21తో హెచ్చించి, 0.36 కలిపే సూత్రంతో 8.98 వస్తుంది. వెన్నను 0.25తో హెచ్చించి 0.44 కలిపే మరొక సూత్రంతో 9.32 వస్తుంది. అవే పాలు, అదే గేదె. తొమ్మిదికి తగ్గితే ధరలో కోత అనే నియమం వున్నచోట మొదటి సూత్రం వాడితే కోత పడుతుంది, రెండో సూత్రం వాడితే పడదు. యూనియన్ ఏ సూత్రం వాడుతున్నదో, ధరల పట్టిక ఏ సూత్రానికి కట్టారో సంఘానికి లిఖితపూర్వకంగా తెలియాలి. ఇప్పుడు వాడుకలోకి వచ్చిన పాల విశ్లేషణ యంత్రాల్లో ఈ సూత్రం లోపలే దాగి వుంటుంది గనుక అడగవలసిన అవసరం మరీ ఎక్కువ. ఆ యంత్రాన్ని గేదె పాలకు వేరుగా, ఆవు పాలకు వేరుగా సరిచేయించాలి. వారానికొకసారి నాలుగు నమూనాలను గెర్బర్ పరీక్షతో పోల్చి చూసి, రెండు అంకెలనూ పక్కపక్కన రాసి పెట్టాలి.

కార్యదర్శి పక్షాన కూడ ఒక మాట చెప్పాలి. వెన్న తగ్గినప్పుడల్లా తప్పు పరీక్షది కాదు. పిండేటప్పుడు మొదటి ధారల్లో వెన్న చాలా తక్కువ, చివరి ధారల్లో చాలా ఎక్కువ. చివరి పాలు దూడకు వదిలి ముందరి పాలు కేంద్రానికి తెచ్చే ఇంట్లో వెన్న శాతం పడిపోక తప్పదు. మేత మార్పు, ఈత దశ, పూట తేడా అన్నీ అంకెను కదిలిస్తాయి. ఈ సంగతులు సభ్యులకు ముందుగా చెప్పని సంఘంలో ప్రతి తగ్గుదలా మోసంగానే కనిపిస్తుంది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని సామెత. తలుపు వేసుకుని పరీక్ష చేసే నిజాయితీపరుడైన టెస్టరు గతి అంతే. అందుచేత నెలలో ఒక రోజు, ముందుగా చెప్పకుండా, అక్కడున్న సభ్యుల్లో ఎవరినైనా పిలిచి వారి ఎదుటనే వారి నమూనా రెండుసార్లు పరీక్షించి చూపడం మంచిది.

మూడు కాగితాలు ఒకచోట పెట్టండి

సభ్యుల కొనుగోలు రిజిస్టరు, లారీ వెంట పంపే చీటీ, యూనియన్ పంపే బిల్లు. సాధారణంగా ఈ మూడూ మూడు చోట్ల వుంటాయి. మూడింటినీ ఒక బల్ల మీద పెట్టి, పాల కిలోలు కాక వెన్న కిలోలు పోల్చాలి. ఉదాహరణకు ఒక పూట సభ్యుల నుంచి 240 కిలోలు, సగటు వెన్న 6.6 చొప్పున కొన్నారు; వెన్న 15.84 కిలోలు. యూనియన్ ఒప్పుకున్నది 238 కిలోలు, 6.4 శాతం, వెన్న 15.23 కిలోలు. తేడా 0.61 కిలో, మనం పైన అనుకున్న ధరకు ఆ పూటకు రమారమి 488 రూపాయలు. రెండు కిలోల పాలు నమూనాలకూ, ఒలికిన దానికీ పోయి వుండవచ్చును. ఐతే 0.2 వెన్న ఎటు పోయింది? క్యాను బాగా కలపకుండా నమూనా తీశారా? పైన తేలిన మీగడ క్యాను మూతకు అంటుకున్నదా? ఇక్కడ ఎక్కువ రీడింగు రాశారా, అక్కడ తక్కువ రాశారా? ఈ ప్రశ్నలు అదే వారంలో అడిగితే జవాబు దొరుకుతుంది. ఆడిట్‌లో ఏడాది తర్వాత అడిగితే ఎవరికీ జ్ఞాపకం వుండదు.

తేడా అటు తిరిగినా సంతోషించనక్కర లేదు. సంఘం కొన్నదానికన్న యూనియన్ ఎక్కువ వెన్న ఒప్పుకుంటున్నదంటే, సంఘం బల్ల దగ్గర సభ్యులకు తక్కువ రాస్తున్నారని అర్థం. ఏటా భారీ మిగులు చూపే సంఘాన్ని మనం సభల్లో మెచ్చుకుంటాం. నేను మాత్రం ముందుగా దాని వెన్న లెక్క చూస్తాను. బోనసు రూపంలో ఆ సొమ్ములో కొంత తిరిగి వచ్చినా, పాలు పోసిన నాటికీ బోనసు నాటికీ మధ్య గేదె అమ్ముకుని మానేసిన సభ్యునికి అది రాదు.

స్థానికంగా అమ్మే పాలు మరొక సందు. పెళ్ళికో, టీ బడ్డీకో నాలుగు లీటర్లు ఇవ్వడం తప్పు కాదు. ఆ నాలుగు లీటర్లు రిజిస్టరులో, సొమ్ము నగదు పుస్తకంలో అదే రోజు పడాలి. బిల్లుల్లో ‘ఇతరములు’ అనే గడి గురించి కూడ చెప్పవలసి వున్నది. దాణా, మందు, భీమా, వాటా ధనం అని విడివిడిగా రాస్తే ఎవరూ అడగరు. అన్నీ కలిపి ‘ఇతరములు’ అని రాస్తే ఊరంతా అడుగుతుంది. ఆ గడి ఖాళీగా వున్న బిల్లు చూస్తే నాకు ప్రాణం లేచి వస్తుంది.

గంట ఎంతయిందో రాయని చీటీ

పాల గొలుసులో అన్నిటికన్న తక్కువ కనిపించేది కాలం. గేదె పొదుగు నుంచి వచ్చిన పాలు దాదాపు 38 డిగ్రీల వేడిలో వుంటాయి. నాలుగు డిగ్రీలకు చల్లబడే దాకా సూక్ష్మజీవులు పెరుగుతూనే వుంటాయి. మన ఎండాకాలపు వేడిలో అరగంట గడిస్తే వాటి సంఖ్య రెట్టింపు కావచ్చును. కనుక పాలు పులిశాయంటే ఎవరు తప్పు చేశారన్న ప్రశ్నకు ముందు, ఎక్కడ ఎంతసేపు ఆగాయన్న ప్రశ్న రావాలి.

ఈ ప్రాంతంలోనే ఒక సంఘంలో, పేరు ఎందుకు గాని, ఒక మే నెలలో నాలుగుసార్లు క్యాన్లు మరిగిస్తే విరిగే పాలని తిరిగి వచ్చాయి. నష్టం సంఘం మీద పడింది. సభ్యులు కార్యదర్శిని అనుమానించారు, నిన్నటి పాలు కలిపాడని. కార్యదర్శి లారీ వారిని అన్నాడు. లారీ డ్రైవరు రోడ్డు మీద రద్దీని అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు. చీటీ తీసి చూస్తే కిలోలున్నవి, క్యాన్ల సంఖ్య వున్నది, సంతకాలున్నవి. ఒక్క సమయం కూడ లేదు. తనిఖీకి వెళ్ళిన నేను పాలక వర్గంతో మాట్లాడి, చీటీలో నాలుగు గళ్ళు గీయించాను: కేంద్రం కట్టివేసిన సమయం, లారీ ఎత్తుకున్న సమయం, శీతల కేంద్రం గేటు చేరిన సమయం, పరీక్ష చేసిన సమయం. ప్రతిచోటా అక్కడివారే రాసి సంతకం పెట్టాలి. పది రోజులు రాసేసరికి తేలిందేమంటే, పాలు రెండు గంటల లోపే గేటు చేరుతున్నాయి. గేటు లోపల దించుడు అరుగు మీద మాత్రం గంటన్నర ఎండలో కూర్చుంటున్నాయి. ఉదయపు షిఫ్టులో పరీక్షకు ఒక్కడే మనిషి వున్నాడు, లారీలు నాలుగు ఒకేసారి వస్తున్నాయి. ఎవరినీ శిక్షించనక్కర లేకుండా లారీల వేళలు అరగంట చొప్పున తేడాగా మార్చారు. కార్యదర్శి మీద అపవాదు మాత్రం అంత తొందరగా పోలేదు. మరుసటి ఎన్నికల దాకా అంటిపెట్టుకునే వున్నది.

గ్రామంలోనే పెద్ద శీతల తొట్టి, అంటే బల్క్ కూలరు, వున్నచోట ఈ సమస్య సగం తీరుతుంది. దానికి వేరే లెక్క కావాలి. కరెంటు పోయిన వేళ, జనరేటరు వేసిన వేళ, ట్యాంకరు తోడుకునే ముందు పాల ఉష్ణోగ్రత రాయాలి. ట్యాంకరు మూతకు వేసే సీలు నంబరు పంపిన చోటా, దించిన చోటా రెండుసార్లు రాసి పోల్చాలి. నంబరు లేని సీలు వట్టి తాడుముక్క.

కలిసిపోయే సరుకు

మన జిల్లా రైతుకు మరో రెండు సరుకులు తెలుసు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఏ రైతువో ఆ రైతు పేరున లాటుగా వుంటాయి. కొనేవాడు విప్పి చూసి ధర కడతాడు. పత్తి బేలుకు నంబరుంటుంది. పాలు అట్లా కావు. అరవై ఇళ్ళ పాలు ఒక తొట్టిలో, ఇరవై వూళ్ళ పాలు ఒక ట్యాంకరులో కలిసిపోతాయి. ఒక్క ఇంటి చెడు వూరందరి పాలనూ చెరుస్తుంది. కలిసిన తర్వాత ఎవరిదో చెప్పడం కుదరదు. కాబట్టి కలపక ముందే గుర్తు పెట్టాలి.

దీనికి ప్రపంచమంతా తెలుసుకున్న ఉదాహరణ 2008లో చైనాలో జరిగింది. అక్కడ కంపెనీలకూ రైతులకూ మధ్య పాలు సేకరించే దళారీ కేంద్రాలుండేవి. నీళ్ళు కలిపిన పాలలో మాంసకృత్తుల పరీక్ష నెగ్గడానికి మెలమిన్ అనే రసాయనం కలిపారు. ఆ పరీక్ష నత్రజనిని కొలుస్తుంది, మెలమిన్‌లో నత్రజని ఎక్కువ. శాన్‌లూ అనే పెద్ద కంపెనీ పాలపొడి తాగిన పసిబిడ్డలు మూత్రపిండాల్లో రాళ్ళతో ఆసుపత్రుల పాలయ్యారు. ఆరుగురు చనిపోయారు, జబ్బుపడినవారు దాదాపు మూడు లక్షలు. కంపెనీకి ఫిర్యాదులు కొన్ని నెలల ముందే అందినా బయటపెట్టలేదు. ఒకే అంకెకు డబ్బు కట్టినప్పుడు, ఆ అంకెను మోసం చేసే మార్గం ఎవరో ఒకరు వెతుకుతారు. మనవైపు లాక్టోమీటరును మోసగించడానికి చక్కెర, ఉప్పు, యూరియా వాడేది ఇందుకే.

మన దేశంలో పరిస్థితి అంత భయంకరం కాదు. జాతీయ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో 1,103 పట్టణాల నుంచి 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది. ఆరోగ్యానికి హాని చేసే కల్తీ దొరికినవి 12 మాత్రమే. కాని 368 నమూనాల్లో ఆఫ్లటాక్సిన్ ఎం1 అనే విషం పరిమితికి మించి వున్నది. 77 నమూనాల్లో యాంటీబయోటిక్ మందుల అవశేషాలు మించి వున్నాయి. కల్తీ ఎవరో కలిపేది. ఈ రెండూ పశువు నోటి ద్వారా, సూది ద్వారా వచ్చేవి. అంటే పాల గొలుసు మన కేంద్రం దగ్గర మొదలు కావడం లేదు, గొడ్ల చావిడిలో మొదలవుతున్నది.

ఆఫ్లటాక్సిన్ బూజు నుంచి పుడుతుంది. తేమ తగిలిన వేరుశనగ చెక్క, పత్తి చెక్క, మొక్కజొన్న దానికి ఇష్టమైన చోట్లు. పత్తి పండే మన ప్రాంతంలో గేదెకు పత్తి గింజలు, పత్తి చెక్క పెట్టడం తాతల నాటి అలవాటు, మంచి అలవాటే. ఐతే వానలో తడిసి బూజు పట్టిన చెక్క పెడితే ఒక్క రోజులోనే ఆ విషం పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. చెక్క మానేస్తే కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. మన దేశంలో పాలకు పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాము, ఐరోపాలో అందులో పదోవంతే. సంఘం ద్వారా దాణా అమ్మేటప్పుడు ఏ మిల్లు సంచులు, ఏ తేదీన వచ్చాయి, ఎవరెవరికి ఎన్ని ఇచ్చారు అన్నది ఒక పుస్తకంలో వుంటే, రేపు యూనియన్ నుంచి ఫలానా రూటు పాలలో విషం వున్నదని కబురు వచ్చినప్పుడు ఊరందరి పాలూ ఆపనక్కర లేదు. ఆ సంచులు కొన్న ఏడుగురినో ఎనిమిదిమందినో అడిగితే చాలు. ఐరోపా దేశాలు 2002లో చేసిన ఆహార చట్టంలో చెప్పిందీ ఇదే: సరుకు ఎవరి దగ్గర కొన్నావు, ఎవరికి అమ్మావు, ముందొక అడుగు వెనకొక అడుగు చెప్పగలిగితే చాలును.

పొదుగువాపుకు సూదులు వేయించిన గేదె పాలు మరింత చిక్కు సమస్య. మందు సీసా మీద రాసినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయరాదు. రైతుకు ఈ సంగతి తెలుసు. చెబితే నాలుగైదు రోజుల పాలు నేలపాలు, చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నిజం చెప్పినవాడికి నష్టం, దాచినవాడికి లాభం అయ్యే ఏర్పాటులో పారదర్శకత గురించి ఉపన్యాసాలు పనిచేయవు. నా అభిప్రాయంలో, చికిత్స చీటీ చూపించి పాలు ఆపుకున్న సభ్యునికి సగటు పాల విలువలో కొంత భాగమైనా సంఘం నిధి నుంచి ఇవ్వాలి. దానికి మహాజన సభ తీర్మానం కావాలి. పశువు చెవికి వేసే 12 అంకెల పసుపు బిళ్ళ నంబరుతో ఆ చికిత్స నమోదైతే ఎవరూ దుర్వినియోగం చేయలేరు. ఈ బిళ్ళను రుణం కోసం, భీమా కోసం మాత్రమే అనుకుంటున్నారు. దాని అసలు ఉపయోగం ఇదే.

బెజవాడలో అమ్మిన రూపాయి

సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: ప్యాకెట్టు ధర అంత వుంటే మాకు ఇంతేనా? అడగడం న్యాయమే. జవాబు చెప్పకపోవడం అన్యాయం. అమూల్ సంస్థ, కొనేవారు ఇచ్చే రూపాయిలో 80 పైసలకు పైగా ఉత్పత్తిదారుకు చేరుతున్నదని చెప్పుకుంటుంది. మన యూనియన్ ఎంత చేరుస్తున్నదో అదే తీరున ఏటా చెప్పాలి.

ఐతే లెక్క అడిగేటప్పుడు పాలు ఎట్లా విడిపోతాయో తెలిసి వుండాలి. సభ్యుడు పోసింది 6.5 శాతం వెన్న వున్న గేదె పాలు. టోన్డ్ పాల ప్యాకెట్టులో వుండవలసింది 3 శాతం వెన్న, 8.5 శాతం ఎస్.ఎన్.ఎఫ్. నూరు కిలోల గేదె పాలలోని ఆరున్నర కిలోల వెన్నలో, నూరు కిలోల టోన్డ్ పాలకు మూడు కిలోలు పోతే, మూడున్నర కిలోలు నెయ్యికి మిగులుతుంది. ఎస్.ఎన్.ఎఫ్. కూడ కాస్త మిగులుతుంది. కాబట్టి టోన్డ్ ప్యాకెట్టు ధరతో తన పాల ధరను పోల్చే సభ్యుడు నెయ్యిని మరిచిపోతున్నాడు. రవాణా, కరెంటు, ప్లాస్టిక్, ఏజెంటు కమీషను మరిచిపోతున్నాడు. ఇటు యూనియన్ వారు ఖర్చులు వివరంగా చెప్పి నెయ్యి రాబడి మాత్రం మెల్లగా చెబుతారు. రెండూ ఒకే కాగితం మీద, నూరు కిలోల పాలకు ఇంత రాబడి ఇంత ఖర్చు అని రాసి, మహాజన సభ నోటీసుతో పాటు పంపాలి. సభ రోజున మైకులో చదివితే ఎవరికీ ఎక్కదు.

చివరిగా రసీదు సంగతి. ఇప్పుడు చాలా కేంద్రాల్లో కంప్యూటరు చీటీ వస్తున్నది, ఫోనుకు సందేశం కూడ పోతున్నది. చీటీ మీద అక్షరాలు నెల తిరగకుండానే చెరిగిపోతున్నాయి, అందుచేత పాసుపుస్తకం మానవద్దు. సందేశాల విషయంలో ఒకటి గమనించాను. రెండు పూటలా గేదెను మేపి, పిండి, పాలు పోసేది ఆడవారు. సభ్యత్వం, ఫోను నంబరు మాత్రం భర్త పేరనో కొడుకు పేరనో వుంటున్నవి. ఆ కొడుకు హైదరాబాదులో వుద్యోగంలో వుంటే, ఈ పూట వెన్న 6.1 పడిందన్న కబురు హైదరాబాదు పోతుంది. కేంద్రం దగ్గర నిలబడినామెకు తెలియదు. సభ్యుల జాబితా తీసి, పాలు పోసేవారి నంబరు ఎన్నింటిలో వున్నదో ఈ నెలలోనే సరిచూడండి. చదవడం రానివారికి తూకం, వెన్న, సొమ్ము మూడు అంకెలూ బల్ల దగ్గరే పైకి చదివి వినిపించాలని కార్యదర్శికి రాతమూలకంగా తెలియజేయండి.